నొప్పి మోసుకొచ్చే వార్త

గుడ్ ఫ్రైడే రోజు మా సంఘంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి 3 గంటల వరకు సిలువ ఆరాధన జరుగుతుంది. ఆ ఏడాది అది ఏప్రిల్ నడిమిలో వచ్చింది. ఆరాధన ముగిసి తలుపులు తీసేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. మందిరం మెట్ల నుంచి చెప్పులు విడిచిన చోటికి పాతిక అడుగుల సిమెంటు వాకిలి. పిల్లలు 'అమ్మో, అబ్బో' అంటూ గెంతుకుంటూ పోయారు. పెద్దవాళ్లం మునివేళ్ల మీద పరుగు తీశాం. మా సంఘ పెద్దల్లో ఒకరైన మాస్టారు మాత్రం చంకలో బైబిలు పెట్టుకుని, ఆ సిమెంటు మీదే నిలబడి, వచ్చినవారందరినీ పేరుపేరునా పలకరిస్తున్నారు.

"చూడండర్రా మాస్టారి నిగ్రహం! ప్రభువు శ్రమల్ని తలుచుకునే రోజున మనం నాలుగడుగులు ఓర్చుకోలేకపోతున్నాం" అన్నారొకరు. మేమంతా నిజమేనని తలలూపాం.

మర్నాడు పొద్దున చాప మీద తడి మరకలు చూసి ఆయన కోడలు హడలిపోయింది. అరికాళ్ల నిండా బొబ్బలు. కొన్ని చిట్లి నీరు కారుతున్నాయి. ఆయనకు మాత్రం ఏమీ తెలియలేదు. పదిహేనేళ్లుగా షుగరు ఉన్న మనిషి. బొబ్బలు పుండ్లయ్యాయి, ఒక పుండు ఎముక దాకా పాకింది. ఆగస్టు వచ్చేసరికి కుడికాలి వేళ్లు రెండు తీసేయాల్సి వచ్చింది.

మేము నిగ్రహం అనుకున్నది నిగ్రహం కాదు. కాలుతున్న వార్త ఆయనకు అందనే లేదు! ఆ వార్త మన ఒంట్లో ఎలా పుడుతుంది? ఎలా ప్రయాణిస్తుంది? ఎందుకు ఆగిపోతుంది? అప్పటిదాకా మేమెన్నడూ ఆలోచించని ఈ ప్రశ్నలు ఆ ఆగస్టులో మమ్మల్ని వెంటాడాయి.

కొవ్వొత్తి నుంచి కొవ్వొత్తికి

మన నరాల్లో ప్రవహించేది కరెంటేనని అందరూ అంటారు. కరెంటే, కానీ ఇంట్లో తీగల్లో పారే కరెంటు లాంటిది కాదు. ఇటలీలోని బొలోనా నగరంలో లుయీజీ గాల్వానీ చనిపోయిన కప్ప కాలు విద్యుత్తుకు ఎగిరిపడటం చూసి, తన పరిశోధనను 1791లో ప్రచురించాడు. నరానికీ విద్యుత్తుకూ సంబంధం ఉందని అప్పుడు లోకానికి తెలిసింది. ఆ వార్త వేగాన్ని కొలవడం అసాధ్యమని చాలామంది అనుకున్నారు. 1850లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో కొలిచి చూపించాడు. తీగలో కరెంటుతో పోలిస్తే అది నత్తనడక. సెకనుకు సుమారు 27 మీటర్లు!

ఎందుకంత నెమ్మది? మీలో చాలామంది క్రిస్మస్ ముందు రాత్రి కొవ్వొత్తుల ఆరాధనకు వెళ్లే ఉంటారు. దీపాలన్నీ ఆర్పేస్తారు. ముందు వరుసలో ఒక కొవ్వొత్తి వెలుగుతుంది. దాని నుంచి పక్కవారిది, వారి నుంచి ఆ పక్కవారిది, అలా వెనక వరుస దాకా వెలుగు చేరుతుంది. ముందువారి మంట నడిచి వెనక్కి వెళ్లలేదు. ఎవరి కొవ్వొత్తి వారి దగ్గరే కొత్తగా వెలిగింది. అందుకే ఆఖరివాడి చేతిలోని మంట కూడా మొదటివాడి మంటంత నిండుగా ఉంటుంది. నరంలో వార్త నడిచే తీరు ఇదే.

నరకణం లోపల పొటాషియం ఎక్కువ. బయట సోడియం ఎక్కువ. మనం కూరలో వేసుకునే ఉప్పులో ఉండే సోడియమే ఇది. లోపలికంటే బయట పది రెట్లకు పైగా ఉంటుంది. నరం తీరికగా ఉన్నప్పుడు కణం పొరకు లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీలో ఉండే 1.5 వోల్టులతో పోలిస్తే ఇది ఇరవయ్యో వంతు. అరికాలికి వేడి తగలగానే అక్కడి నరం కొసన పొరలో ఉన్న సన్నని ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తుంది. ఆ ఒక్క చోట విద్యుత్తు తలకిందులవుతుంది. అది చూసి పక్కనున్న ద్వారాలు తెరుచుకుంటాయి. వాటిని చూసి ఆ పక్కవి. ఒక్కో చోట ఈ తతంగమంతా సెకనులో వెయ్యో వంతు కాలంలో ముగిసిపోతుంది. వెంటనే సోడియం ద్వారాలు మూసుకుంటాయి, పొటాషియం బయటికి వెళ్లి పొర మామూలు స్థితికి వస్తుంది. ఒకసారి తెరుచుకున్న ద్వారం కాసేపు మళ్లీ తెరుచుకోదు కాబట్టి వార్త వెనక్కి మళ్లదు, ముందుకే పోతుంది.

లోపలికొచ్చిన సోడియం సంగతేమిటి? దాన్ని తోడిపోయడానికి కణం పొరలో పంపులున్నాయి. ఒక్కో విడతకు మూడు సోడియం అణువుల్ని బయటికి నెట్టి, రెండు పొటాషియం అణువుల్ని లోపలికి తెచ్చుకుంటాయి. మనం నిద్రపోతున్నా అవి పనిచేస్తూనే ఉంటాయి. శరీరం బరువులో నూటికి రెండు వంతులే ఉన్న మెదడు, మనం తిన్న తిండిలోని శక్తిలో సుమారు అయిదో వంతు వాడుకోవడానికి ఒక పెద్ద కారణం ఈ పంపులే.

ఈ మర్మాన్ని విప్పిందెవరో తెలుసా? అలన్ హాడ్జికిన్, ఆండ్రూ హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు. మనిషి నరపోగు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. దానిలోకి తీగ దూర్చడం కుదరదు. సముద్రంలో ఉండే స్క్విడ్ అనే జీవికి మాత్రం మిల్లీమీటరు దాకా మందం ఉండే నరపోగు ఉంది. 1939లో ప్లిమత్ తీరంలోని ప్రయోగశాలలో ఆ పోగులోకి సన్నని తీగ చొప్పించి లోపలి విద్యుత్తును కొలిచారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. యుద్ధం తర్వాత మళ్లీ మొదలుపెట్టి 1952లో లెక్కలతో సహా వివరించారు. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

కొన్ని నరపోగుల చుట్టూ కొవ్వుతో చేసిన పొర చుట్టి ఉంటుంది. మధ్య మధ్య చిన్న ఖాళీలుంటాయి. వార్త ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుకుంటూ పోతుంది. అలాంటి పోగుల్లో అన్నిటికంటే వేగవంతమైనవి సెకనుకు నూరు మీటర్లు దాటతాయి. కొవ్వు పొర లేని సన్నని పోగుల్లో వేగం సెకనుకు ఒక మీటరు చుట్టుపక్కలే. కాలికి రాయి తగిలినప్పుడు గమనించారా? ముందు చురుక్కుమంటుంది. ఒక క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. పలచని పొర ఉన్న పోగులు తెచ్చిన వార్త ముందు చేరింది. పొర లేనివి తెచ్చింది వెనక చేరింది. ఇంకో విశేషం. కాలు కాలిందన్న సంగతి మెదడుకు తెలియకముందే వెన్నుపాము దాన్ని వెనక్కి లాగించేస్తుంది. మా వాకిట్లో పిల్లల గెంతులకు ఆలోచన అక్కర్లేకపోయింది.

మరి చిన్న నొప్పి, పెద్ద నొప్పి తేడా ఎలా తెలుస్తుంది? ఒక్కో వార్త పరిమాణం ఎప్పుడూ ఒకటే. కానీ దెబ్బ పెద్దదైతే వార్తలు వెంటవెంటనే వస్తాయి. మందిరం గంట ఒక్కటే అయినా అది మోగే తీరును బట్టి ఊరు సంగతి గ్రహించినట్టు, మెదడు ఆ వరసను బట్టి గ్రహిస్తుంది. ఎడ్గర్ ఏడ్రియన్ దీన్ని 1926 ప్రాంతంలో కనుక్కున్నాడు. 1932లో ఆయనకూ నోబెల్ వచ్చింది.

వేలూరులో తెలిసిన నిజం

ఇంత అమరికతో వచ్చే వార్తను మనం ఏమని పిలుస్తాం? నొప్పి అంటాం. వచ్చిందంటే విసుక్కుంటాం. అది లేకపోతే ఏమవుతుందో లోకానికి చూపించింది మన పొరుగునే ఉన్న వేలూరు. చిత్తూరు వైపు మనవారికి అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి సొంత ఊరంత పరిచయం. ఐడా స్కడర్ 1900లో ప్రారంభించిన సేవ అది.

ఆ ఆసుపత్రికి 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. ఆయన మిషనరీ దంపతుల బిడ్డ. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. ఎముకల శస్త్రచికిత్స నేర్చినవారు. కుష్టు రోగులు కొక్కేల్లా వంకరపోయిన వేళ్లతో, పుండ్లు పడిన పాదాలతో కనబడుతుంటే, వారికి శస్త్రవైద్యులు చేసిందేమిటని వెతికారు. దాదాపు ఏమీ కనబడలేదు. కుష్టు మాంసాన్ని తినేస్తుంది, వేళ్లు వాటంతటవే రాలిపోతాయి అని అప్పట్లో వైద్యుల్లోనూ చాలామంది నమ్మేవారు.

ఒకరోజు ఒక గది తాళం తుప్పుపట్టి ఎంతకీ రాలేదు. చికిత్స పొందుతున్న ఒక పిల్లవాడు ముందుకొచ్చి తాళంచెవి తిప్పి ఇట్టే తీసేశాడు. ఇంత చిన్నవాడికి అంత బలమెక్కడిదని బ్రాండ్ ఆశ్చర్యపోయారు. అంతలో నేల మీద రక్తం చుక్కలు కనిపించాయి. చూస్తే ఆ పిల్లవాడి వేలు ఎముక దాకా తెగి ఉంది. వాడికి ఆ సంగతే తెలియదు! మనం తాళంచెవి గట్టిగా తిప్పితే వేలు నొప్పెట్టి ఆపేస్తాం. వాడి వేలికి 'ఇక చాలు' అని చెప్పేవారు లేరు.

అక్కణ్నుంచి బ్రాండ్, ఆయన తోటివారు ఒక్కొక్క గాయం వెనకా కారణం వెతికారు. వేడి గిన్నె పట్టుకున్న చెయ్యి. మేకు గుచ్చుకున్నా నడుస్తూనే ఉన్న కాలు. కొందరికి రాత్రిపూట వేళ్ల కొసలు మాయమవుతుండేవి. కారణం ఎలుకలు. నిద్రలో అవి కొరికినా మెలకువ రాదు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్న కుష్టు సూక్ష్మజీవి నరపోగుల చుట్టూ ఉండే కణాల్లో చేరి, మోచేయి, మణికట్టు, చీలమండ వంటి చల్లని చోట్ల నరాన్ని దెబ్బతీస్తుంది. వార్త ఆగిపోతుంది. ఆ తర్వాత వేళ్లను పాడుచేసేది చాలావరకు రోగం కాదు, తెలియకుండా తగిలే దెబ్బలు. ఈ గ్రహింపు వచ్చాక మెత్తని రబ్బరు చెప్పులు తయారయ్యాయి. పనిచేసే కండరాల స్నాయువులను మార్చి అతికించి వంకర వేళ్లను తెరిపించారు. ఎందరో మళ్లీ అన్నం కలుపుకోగలిగారు.

బ్రాండ్ తన సొంత అనుభవం ఒకటి చెప్పేవారు. 1950ల్లో ఒకసారి సుదీర్ఘ ప్రయాణం చేసి లండన్‌లో దిగారు. రాత్రి మేజోడు విప్పుతుంటే మడమకు స్పర్శ లేదు. సూదితో గుచ్చుకున్నారు. రక్తం చుక్క వచ్చింది కానీ నొప్పి లేదు. రోగులతో ఇన్నేళ్లు మెలిగాను, నాకూ వచ్చేసిందనుకుని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారాక మళ్లీ సూది గుచ్చుకున్నారు. ఈసారి కేక పెట్టేంత నొప్పి! రైల్లో కదలకుండా కూర్చున్నందువల్ల నరం నొక్కుకుపోయిందంతే. ఆ నొప్పి కోసం ఆయన దేవునికి స్తోత్రం చెల్లించారు. నొప్పి కోసం స్తోత్రం చెల్లించినవాళ్లం మనలో ఎంతమందిమి ఉన్నాం?

స్విచ్ మన చేతిలో ఉంటే

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్‌విల్ కుష్టు ఆసుపత్రికి వెళ్లారు. స్పర్శ పోయినవారికి కృత్రిమంగా నొప్పి కల్పించాలని అక్కడ కొన్నేళ్లు ప్రయత్నించారు. ఇంజనీర్లతో కలిసి ఒత్తిడిని పసిగట్టే పరికరాలను చేతి తొడుగుల్లో అమర్చారు. ప్రమాదం రాగానే చెవిలో మోత వినబడేది. రోగులు దాన్ని విని ఊరుకునేవారు. సరే, మోతకు బదులు విద్యుత్ షాక్ తగిలే ఏర్పాటు చేశారు. అప్పుడేమైంది? చేయాలనుకున్న పనికి షాక్ అడ్డొస్తుందనుకుంటే, పరికరాన్ని ఆపేసి ఆ పని చేసుకునేవారు! ఆ ప్రయత్నాన్ని చివరికి మానుకోవలసి వచ్చింది. మనకు ఇష్టం లేనప్పుడు కూడా వినిపించే వార్తే మనల్ని కాపాడుతుంది. నొప్పికి స్విచ్ మన చేతిలో లేకపోవడం ఎంత గొప్ప ఏర్పాటో ఆ పరికరం తయారుచేసినవారికే బాగా అర్థమైంది.

ఇదే సంగతి 2006లో మరో వైపు నుంచి తెలిసింది. ఉత్తర పాకిస్తాన్‌లోని మూడు కుటుంబాల్లో కొందరు పిల్లలకు పుట్టుకతోనే నొప్పి తెలియదు. కారణం ఒకే ఒక్క జన్యువులో లోపం. నొప్పి పోగుల్లో ఉండే ఒక రకం సోడియం ద్వారం తెరుచుకోదు. మిగతా స్పర్శ అంతా బాగానే ఉంది. ఆ ప్రాంతంలోనే ఇలాంటి ఒక బాలుడు చేతుల్లో కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి వీధుల్లో ప్రదర్శనలిచ్చేవాడు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటి కప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. ఒక్క ద్వారం మూసుకుంటే ఇంత నష్టం!

ఇంట్లో, సంఘంలో

ఇదంతా ఎక్కడివారి సంగతో అనుకోవద్దు. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. అదుపులో లేని షుగరు ముందుగా పొడవైన నరాల కొసలను దెబ్బతీస్తుంది. అందుకే పాదాలకు మొదట తెలియకుండా పోతుంది. డాక్టరు దగ్గర ఒక నైలాన్ పోగు ఉంటుంది. దాన్ని అరికాలికి ఆనించి, తగిలిందా లేదా అని అడుగుతారు. రెండు నిమిషాల పని. షుగరున్నవారు ఏడాదికోసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోవాలి. వేడి నేల మీద, వేడి నీళ్ల విషయంలో కాళ్ల మాట నమ్మకూడదు.

కుష్టు కూడా పోలేదు. 2005 చివర్లో జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒకరి కంటే తగ్గినా, 2023లో ప్రపంచంలో బయటపడిన కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. ఒంటి మీద రంగు తగ్గిన లేదా ఎర్రబారిన, స్పర్శ లేని మచ్చ కనబడితే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. మందులు ఉచితం. ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. తొందరగా మొదలుపెడితే నరాలు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు. ఇక్కడ ఒక్క మాట. పరిశుద్ధ గ్రంథంలో కుష్ఠు అని మనం చదివే మాట పలురకాల చర్మ వ్యాధులకు వాడినదని పండితులు చెబుతారు. కాబట్టి ఈ రోగాన్ని పాపానికి గుర్తుగా చెప్పి రోగుల్ని దాక్కునేలా చేయకూడదు. యేసు ప్రభువు అలాంటివారిని చేయి చాపి ముట్టుకున్నారన్న సంగతిని మనం మరవకూడదు.

అలాగని నొప్పితో బాధపడేవారి దగ్గరికెళ్లి 'ఇది వరం' అని చెప్పడం కూడా తగదు. వార్త అందాక దానికి మందు వేయాలి. క్యాన్సరు వంటి రోగాల్లో అదే పనిగా వేధించే నొప్పిని తగ్గించడం వైద్యుల ధర్మం. మేము చెప్పేది ఒక్కటే. నొప్పి తెలియకపోవడాన్ని బలమనుకోకూడదు.

పౌలు భక్తుడు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో సంఘాన్ని శరీరంతో పోల్చాడు. ఒక అవయవం బాధపడితే మిగిలినవన్నీ దానితో కలిసి బాధపడతాయన్నది అక్కడి భావం. వాకిట్లో నిలబడి మాస్టారిని మెచ్చుకున్న రోజు మొద్దుబారింది ఆయన కాళ్లు మాత్రమే కాదు, మేమూ మొద్దుబారాం. ఆయనకు షుగరు ఉందని మాలో చాలామందికి తెలుసు. ఆ సిమెంటు ఎంత కాలుతోందో మా కాళ్లకూ తెలుసు. అయినా 'మాస్టారూ, చెప్పులు వేసుకోండి' అని ఒక్కరం అనలేదు. అప్పుల్లో మునిగిన కుటుంబం ఆరాధనకు రావడం మానేసినా, విధవరాలైన ఒక తల్లి ఇంట్లో పొయ్యి వెలగకపోయినా, 'వాళ్లు గట్టివాళ్లులే' అనుకుని ఊరుకున్న రోజులూ మాకు ఉన్నాయి. సంఘంలో ఎవరి ఇబ్బందీ మన చెవిన పడటం లేదంటే అందరూ క్షేమమని అర్థం కాదు. నరం ఎక్కడో తెగిందేమో వెతుక్కోవాలి.

మరుసటి గుడ్ ఫ్రైడేకి మా యువకులు మెట్ల నుంచి చెప్పుల దాకా తడిపిన గోనెసంచులు పరిచారు. మాస్టారికి మాత్రం మెట్ల దగ్గరికే చెప్పులు తెచ్చిపెట్టారు. మెత్తని రబ్బరుతో ఆయన పాదాల కొలతకు చేయించినవి.

ఈమధ్య ఒక రాత్రి ఆయన్ని చూడ్డానికి వెళ్లాం. కుటుంబ ప్రార్థన ముగిసింది. పదేళ్ల మనవరాలు టార్చిలైటు తెచ్చి, "తాతయ్యా, కాళ్లు చాపు" అంది. కింద కూర్చుని ఒక్కొక్క వేలూ విడదీసి, అరికాళ్లూ మడమలూ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఒకచోట ఆగి వేలితో మెల్లగా తడిమింది.

"ఇక్కడ కొంచెం ఎర్రగా ఉంది తాతయ్యా. నీకు తెలియలేదా?"

"లేదమ్మా. నువ్వు చెబితేనే కదా నాకు తెలిసేది!" అన్నారు మాస్టారు.

కోడలు వచ్చి చూసింది. రెండు రోజులు నడక తగ్గించమంది, తెల్లవారాక డాక్టరుకు చూపిద్దామంది. ఆయన నరాలు చెప్పలేని వార్తను ఆ చిన్నపిల్ల కళ్లు మోసుకొచ్చాయి. ఒక శరీరంలో అవయవాలుగా ఉండడమంటే ఏమిటో ఆ రాత్రి ఆ ఇంట్లో, ఆ టార్చి వెలుతురులో మాకు కనబడింది.